మందు మొక్కకు పురుగుమందా?



మన ఆరోగ్య పత్రికల్లోని గృహవైద్య శీర్షికలను ఒకసారి తిరగవేసి చూడండి. తులసి ఆకులు పది, కరివేపాకు గుప్పెడు, తమలపాకులు రెండు, వాము ఆకు ఒకటి అని ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఆకుల సంఖ్య చెబుతాము, అనుపానం చెబుతాము, ఎన్ని పూటలు పుచ్చుకోవాలో చెబుతాము. ఆ ఆకును ఎటువంటి మొక్క నుండి కోయాలో, ఆ మొక్క ఆరోగ్యంగా ఉన్నదో లేదో, దానిపై నిన్న మొన్న ఏమి చల్లారో మాత్రం చెప్పము. నలభై ఏళ్లుగా వైద్యవృత్తిలో ఉండి, అప్పుడప్పుడు ఇటువంటి వ్యాసాలు రాస్తూ వచ్చిన నేను కూడా ఈ దోషం చేసినవాడినే. ఆ సంగతి 2022 మే నెలలో ఒక పసివాని మూలంగా నాకు తెలిసివచ్చింది.

బెజవాడలో మా వైద్యశాలకు రెండు వీధుల అవతల ఒక అపార్టుమెంటులో ఉండే పెద్దావిడ, ఆరేళ్ల మనుమణ్ణి తీసుకొని వచ్చారు. వేసవి జలుబు, పొడిదగ్గు. జ్వరం లేదు. నాడి చూశాను, నాలుక చూశాను, గొంతు చూశాను. "ఇంట్లో తులసి ఉన్నదా అమ్మా?" అని అడిగాను. "తులసి లేని ఇల్లు ఉంటుందా డాక్టరు గారూ? బాల్కనీలో పెద్ద కుండీలోనే ఉంది" అన్నారు. తులసి రసం ఒక చెంచాడు, కాస్త తేనె కలిపి ఉదయం, సాయంత్రం పట్టమని చెప్పి పంపించాను.

మూడవనాడు ఉదయం ఆ బిడ్డను తండ్రి భుజాన వేసుకొని పరుగున వచ్చాడు. రసం పట్టిన కొద్దిసేపటికే వాంతులు మొదలయ్యాయి. నోటి నుండి చొంగ ఆగడం లేదు. ఒళ్లంతా చెమట. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉన్నది. అది జలుబు లక్షణం కాదు, తులసి లక్షణమూ కాదు. "తులసి మీద ఏమి చల్లారు?" అని అడిగాను. కోడలు ఏడుస్తూ చెప్పింది. ఆకులు ముడుచుకొని వాడిపోతున్నాయని, నర్సరీ నుండి ఒక చిన్న సీసా తెప్పించి, మగ్గు నీటిలో రెండు మూతలు కలిపి, ముందు రోజు సాయంత్రం మొక్కంతా తడిపారట. ఆ సంగతి అత్తగారికి తెలియదు. ఆవిడ తెల్లవారుజామున పూజ చేసుకొని, యథాప్రకారం ఆకులు కోసి రసం తీశారు.

నేను ఏ మందూ ఇవ్వలేదు. అటువంటి విషానికి నా వైద్యశాలలో చికిత్స లేదు. ఆ సీసాను వెంట తీసుకొని, క్షణం ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్నాను, నేనూ వెంట వెళ్లాను. అక్కడి వైద్యులు సీసా చూసి, తగిన విరుగుడు ఇచ్చారు. భగవంతుని దయవల్ల రెండు రోజులకు బాబు ఇంటికి చేరాడు. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. రోగిని పరీక్షించాను గాని, నేను చెప్పిన ఔషధాన్ని పరీక్షించలేదు. ఆ తప్పు నాదే.

పిల్లవాడు కోలుకున్నాక వారి ఇంటికి వెళ్లి ఆ తులసిని చూశాను. ఆకు కింద ఒక్క పురుగు లేదు. గూడు లేదు, బంక లేదు, మచ్చ లేదు. కుండీకి మూరెడు దూరంలో ఏసీ యంత్రపు బయటి పెట్టె ఉన్నది. రాత్రింబవళ్లు దాని వేడిగాలి మొక్కకు తగులుతున్నది. ఆ వైపు ఉన్న ఆకులే దొన్నెల వలె పైకి ముడుచుకొని అంచులు మాడి ఉన్నాయి, గోడ వైపు ఆకులు పచ్చగానే ఉన్నాయి. మొక్కకు వచ్చినది తాపం. దానికి చేసిన చికిత్స విషం. లేని పురుగు కోసం చల్లిన మందు పిల్లవాని కడుపులోకి పోయింది.

శాస్త్రం ముందే చెప్పింది

ఈ విషయంలో మన ప్రాచీనులు ఏమరుపాటుగా లేరు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో భూమిప్రవిభాగీయాధ్యాయమని ఒకటి ఉన్నది. ఏ భూమిలో పుట్టిన ఓషధి గ్రాహ్యమో, ఏది త్యాజ్యమో అందులో చెప్పారు. క్రిములు తినినది, విషం సోకినది, ఎండకు మాడినది, గాలికి, నిప్పుకు, నీటికి దెబ్బతినినది ఔషధానికి పనికిరాదని దాని తాత్పర్యం. క్రిమి, విషం, ఆతపం అనే మూడింటినీ ఆచార్యుడు ఒకేచోట పేర్కొన్నాడు. మన బాల్కనీల్లోని తులసికి నేడు పట్టిన పీడలు సరిగ్గా ఆ మూడే.

మొక్కకు కూడా వ్యాధులున్నాయని, వాటికి నిదానం ఉన్నదని చెప్పే శాస్త్రమూ మనకు ఉన్నది. క్రీ.శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. చలి, గాలి, ఎండల వలన చెట్లకు రోగం వస్తుందని, ఆకులు పాలిపోవడం, చిగుళ్లు ఎదగకపోవడం, కొమ్మలు ఎండిపోవడం, రసం కారడం దానికి గుర్తులని చెప్పాడు. ఆ తరువాతి వాడైన సురపాలుడు వృక్షాయుర్వేదమనే ప్రత్యేక గ్రంథమే రచించాడు. దానిని నళినీ సాధలే గారి ఆంగ్లానువాదంతో 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. చెట్ల వ్యాధులను సురపాలుడు లోపలి దోషాల వలన పుట్టేవి, బయటి కారణాల వలన వచ్చేవి అని రెండుగా విభజించాడు. చికిత్సకు ముందు విభజన అవసరమని దీని అర్థం.

మా గురువుగారి ఇంట చదువుకునే రోజుల్లో మూలికలు తేవడం శిష్యుల పని. ఒకనాడు నేను బుట్టెడు అడ్డసరపు ఆకు కోసి తెచ్చాను. ఆయన పైనున్న నాలుగు ఆకులు తిరగేసి చూసి, "వెనుక వైపు చూడకుండా కోశావు నాయనా, పారబోసి మళ్లీ రా" అన్నారు. రెండు మైళ్లు తిరిగి నడిచాను. నాడు అది చాదస్తమనిపించింది. ఆకును తిరగేసి చూడటమే వైద్యంలో మొదటి పాఠమని ఈ వయస్సులో అర్థమయింది.

ముడత రోగం కాదు, లక్షణం

ఒంటికి జ్వరం ఎటువంటిదో మొక్కకు ఆకుముడత అటువంటిది. జ్వరం రాగానే ఒకే మాత్ర మింగించడం ఎంత అవివేకమో, ఆకు ముడవగానే మందు కొట్టడం అంత అవివేకం. రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నల చేత పరీక్షించమని మన శాస్త్రం. మొక్కను కూడా ఆ మూడింటి చేతనే పరీక్షించవచ్చు. దీనికి ఖర్చు లేదు, పది నిమిషాల ఓపిక చాలు.

మొదటిది దర్శనం. ముడత ఎక్కడ మొదలైందో చూడండి. ఎండ గాని వేడిగాలి గాని తగిలే వైపు ముదురు ఆకులు దొన్నెవలె పైకి ముడిచి, అంచులు గోధుమరంగుకు తిరిగితే అది తాపలక్షణం. మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రం చల్లబడగానే తేరుకుంటే సందేహమే లేదు. వేడిమిలో నీటిని కాపాడుకోవడానికి ఆకు తనంతట తాను ముడుచుకుంటుంది. అది ఆత్మరక్షణ. అట్లా కాక లేత చిగుళ్లే మొదట మెలికలు తిరిగి గిడసబారితే, పురుగును అనుమానించండి. రసం పీల్చే పురుగులకు లేత చిగురే ప్రీతి.

పిమ్మట ఆకును తిరగేయండి. చిగుళ్ల వద్ద ఆకుపచ్చగానో నల్లగానో గుంపులు గుంపులుగా మెత్తని పురుగులుంటే అది పేనుబంక. మొక్కను కదిలించగానే తెల్లని రేణువుల వలె ఎగిరితే తెల్లదోమ. మందార కొమ్మల సందుల్లో పిండి అద్దినట్లు తెల్లగా ఉంటే పిండినల్లి. ఆకుపై సూదితో పొడిచినట్లు పాలిపోయిన చుక్కలు, అడుగున సాలెగూడు వంటి సన్నని దారాలు ఉంటే ఎర్రనల్లి. పొడి వేసవిలో ఇది త్వరగా పెరుగుతుంది. తులసిని ప్రత్యేకంగా ఆశ్రయించే చిన్న నల్లి ఒకటి ఉన్నది. దాని రెక్కలు వల అల్లినట్లు ఉంటాయి. అది అడుగున చేరి రసం పీలిస్తే ఆకు ముడిచి ఎండుతుంది, అడుగున నిగనిగలాడే నల్లని చుక్కలు మిగులుతాయి.

పెరట్లో మిరప మొక్కలున్న వారికి మన రైతులు చెప్పే మాట ఒకటి ఉపయోగపడుతుంది. తామరపురుగుల వలన ఆకు పైకి ముడిస్తే పైముడత అంటారు. కంటికి ఆనని తెల్లనల్లి వలన ఆకు కిందికి ముడిచి కాడ సాగితే కిందిముడత అంటారు. ఆకులు చిన్నవై, బొబ్బలెత్తినట్లయి, పసుపు పచ్చలు కలగలిసి, మొక్క మొత్తం గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే బొబ్బర తెగులు. వైరస్ వలన కలిగే ఆ తెగులుకు మందు లేదు. మొక్కను పీకి పారవేయడమే మిగిలినవాటికి రక్ష.

రెండవది స్పర్శనం. కుండీ మట్టిలో చూపుడువేలు రెండు కణుపుల లోతు దించండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కూడా మొక్క వాలిపోతే వేరు కుళ్లుతున్నదని అర్థం. ఈ రెండింటిలోనూ ఆకు వాలిపోతుంది గనుక, చాలామంది కుళ్లుతున్న వేరుకు మరింత నీరు పోసి మొక్కను చంపుకుంటున్నారు. కుండీ పక్కలు తాకి చూడండి. నడివేసవిలో మేడమీది సిమెంటు గచ్చుపై పెట్టిన నల్లని ప్లాస్టిక్ తొట్టి చేయి పెట్టలేనంత కాలుతుంది. లోపలి వేళ్లు ఉడికిపోతాయి. ఆకు అడుగు భాగాన్ని వేలితో రాయండి. జిగురుగా తగిలితే రసం పీల్చే పురుగులు విసర్జించిన తేనెబంక అది. దానికోసమే చీమలు బారులు కడతాయి, దానిపైనే నల్లని మసి పెరుగుతుంది. చివరగా ఒక తెల్లకాగితంపై కొమ్మను తట్టండి. రాలిన నలుసులు నడిస్తే అవి నల్లులు లేదా తామరపురుగులు. నడవకపోతే దుమ్ము.

మూడవది ప్రశ్న. మొక్క మాట్లాడదు గనుక ఇంటివారిని అడగాలి. కుండీని ఈ మధ్య చోటు మార్చారా? ఏసీ పెట్టె ముందు ఉన్నదా? మధ్యాహ్నపు ఎండలో నీళ్లు పోస్తున్నారా? ఎరువు ఎక్కువైందా? ఏ నీరు పోస్తున్నారు? ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు వృథా పోకూడదని మొక్కలకు పోస్తున్న ఇళ్లు అనేకం. ఆ నీటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి. అదే నీరు నిత్యం పోస్తే ఆకు కొనలు మాడి, అంచులు ముడుస్తాయి. మట్టిపై తెల్లని ఉప్పుపొర తేలడం దానికి గుర్తు. ఇక ముఖ్యమైన ప్రశ్న, "దీనిపై ఎవరైనా ఏమైనా చల్లారా?" అన్నది. మొక్కకు నీళ్లు పోసే పనిమనిషిని, ఇంటి పిల్లలను, అత్తాకోడళ్లను, అందరినీ అడగాలి.

చికిత్సా క్రమం

నిదానం తేలిన పిమ్మట మొట్టమొదటి చికిత్స నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం. తాపమైతే చోటు మార్చండి. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు దిక్కు మంచిది. అది లేకపోతే ఏప్రిల్, మే నెలల్లో పచ్చని నీడవల గాని తడిపిన గోనెపట్టా గాని కట్టండి. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గచ్చు వేడికి ఎడం చేయండి. మట్టిపై ఎండుటాకులో కొబ్బరిపీచో పరచండి. నీళ్లు తెల్లవారి పోయండి. ప్లాస్టిక్ కంటె మట్టికుండీ మేలు. దాని గోడల గుండా తేమ ఆరుతూ లోపల చల్లగా ఉంటుంది. ఆ బెజవాడ ఇంటి తులసికి మేము చేసిన చికిత్స కుండీని పక్క కిటికీకి మార్చడమే. మూడు వారాలకు కొత్త చిగుళ్లు వచ్చాయి.

పురుగు కనబడితే రెండవ మెట్టు శోధనం. పట్టిన చిగుళ్లను తుంచి, సంచిలో కట్టి పారవేయండి. మిగిలిన మొక్కను ఆకుల అడుగు తడిసేలా నీటిధారతో కడగండి. పేనుబంక, ఎర్రనల్లి చాలావరకు ఇంతమాత్రానికే తగ్గుతాయి. రెండు మూడు రోజులకొకసారి రెండు వారాలపాటు చేయాలి. తులసికి వెన్నులు ముదరకుండా తుంచుతూ ఉంటే మొక్క చిగురు వేస్తుంది. నిమ్మ, కరివేపాకులపై పక్షిరెట్ట వలె కనబడి, తరువాత ఆకుపచ్చగా మారే గొంగళిని చేతితో ఏరి దూరంగా వదలండి. అది పెద్దదై సీతాకోకచిలుక అవుతుంది. ఎర్రని ఒంటిపై నల్లచుక్కలు గల అక్షింతల పురుగు కనబడితే దానిని ముట్టవద్దు. అది పేనుబంకను తిని బ్రతుకుతుంది.

దానికీ లొంగకపోతే మూడవ మెట్టు శమనం. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి, గిలకొట్టి, సాయంవేళ ఆకుల అడుగున చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. ఎండదెబ్బ తిని వాలిన మొక్కపై అసలే చల్లరాదు. వేపనూనె సహజమైనది గదా, కడుపులోకి పోయినా ఫరవాలేదని అనుకోవద్దు. పసిపిల్లలకు వేపనూనె పట్టి ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నాయి. వేపనూనె చల్లిన మొక్క ఆకును ఔషధానికి వాడకండి. బాగా కడిగి, కొత్త చిగురు వచ్చాక ఆ చిగురును వాడండి.

కడిగితే పోతుంది గదా?

నేను ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఉప్పునీటిలో కడిగితే మందు పోదా అంటారు. పైన అంటిన దానిలో కొంత పోవచ్చు. అయితే నేటి పురుగుమందుల్లో అనేకం అంతర్వాహికాలు. ఆకు వాటిని పీల్చుకుంటుంది, మొక్క రసంతోపాటు అవి లోపల ప్రసరిస్తాయి. ఆ రసాన్ని తాగిన పురుగు చావడమే వాటి ప్రయోజనం. మనం ఆకు దంచి తీసేది ఆ రసమే. లోపలి రసాన్ని ఏ నీటితో కడుగుతారు?

"పొలంలో కొట్టిన కూరగాయలు తినడం లేదా?" అని మరికొందరు అంటారు. తింటున్నాము, అదీ మంచిది కాదు. అయినా రైతు వాడే మందు డబ్బాపై ఎంత కలపాలో, కొట్టిన ఎన్ని రోజులకు కోయాలో రాసి ఉంటుంది. కూరను వండుతాము కూడా. తులసి రసాన్ని పచ్చిగా, పరగడుపున, పసివారికి పడుతున్నాము. మగ్గుకు రెండు మూతలన్నది ఏ డబ్బాపైనా రాసిన కొలత కాదు. చీటీ లేని సీసాలో పోసి అమ్మే మందుకు కొలతే లేదు. పురుగుమందు డబ్బాపై రంగు త్రికోణం ముద్రించడం మన దేశంలో తప్పనిసరి. ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ త్రికోణం ఉన్నా అది విషమే గాని ఔషధం కాదు. ఆ గుర్తు లేని సీసాను ఇంటి గడప దాటనివ్వకండి.

2013 జూలైలో బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. పురుగుమందు ఉండవలసిన చోట ఉండక, తినే వస్తువు దరికి చేరితే ఏమి జరుగుతుందో చెప్పడానికి అంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు. మందు మొక్కపై పురుగుమందు చల్లడమంటే ఆ రెండింటినీ మన చేతులతో మనమే దగ్గర చేయడం.

అధికంగా మందు కొట్టినంత మాత్రాన పురుగు లొంగుతుందన్న నమ్మకమూ లేదు. 2021-22లో నల్లతామర పురుగు విరుచుకుపడినప్పుడు గుంటూరు, ఖమ్మం జిల్లాల మిరప రైతులు మందుపై మందు కొట్టి అప్పులపాలయ్యారు. ఎందరో చివరకు తోటలు దున్నివేశారు. మూడు కుండీలున్న గృహస్థుకు అంతకంటె సులభమైన మార్గాలున్నప్పుడు సీసా వెంట పరుగెత్తడం దేనికి?

తులసి ఎండితే కీడా?

ఇంత తొందరపాటుకు మూలం ఒక భయమని నా అనుభవం. తులసి వాడిపోతే ఇంటికి అరిష్టమని ఎందరో ఇల్లాండ్రు కుమిలిపోతారు. ఆ కోడలు కూడా అత్తగారు నొచ్చుకుంటారనే భయంతోనే చెప్పకుండా చల్లింది. అమ్మలారా, తులసి చిరాయువైన వృక్షం కాదు. వెన్నులు వేసి, గింజ రాల్చి, కొన్నేళ్లకు క్షీణించడం దాని స్వభావం. రాలిన గింజను మట్టిలో చల్లితే నాలుగు పిల్ల మొక్కలు వస్తాయి. వాడిన తులసిని చూసి కీడు శంకించడం కంటె, ఎండ ఎక్కువైందా, నీరు తక్కువైందా అని విచారించడమే ఆ దేవికి చేసే సేవ.

ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. నోట్లోకి వెళ్లే ఆకు గల మొక్కపై ఏ పురుగుమందూ చల్లరాదు. దోమల మందు, బొద్దింకల మందు కొట్టేటప్పుడు ఆ కుండీలను దూరంగా జరపాలి. ఎప్పుడైనా పొరపాటున చల్లితే, ఇంటిల్లిపాదికీ చెప్పి, ఆ మొక్కకు ఎర్రదారం కట్టండి. అది పూజకు ఉండవచ్చు గాని వైద్యానికి ఉండరాదు, దాని ఆకు తీర్థంలోనూ వేయరాదు. ఔషధానికి గింజతో కొత్త మొక్క పెంచుకోండి. నర్సరీ నుండి కొత్తగా తెచ్చిన మొక్కను కూడా వెంటనే నమ్మకండి. అక్కడ ఏమి చల్లారో మనకు తెలియదు. దాని గింజ నుండి గాని కొమ్మ నుండి గాని మీ ఇంట పెరిగిన మొక్కను వాడటం క్షేమం.

ఒకవేళ విషం సోకిన ఆకు కడుపులోకి పోయిందన్న అనుమానం వస్తే, చొంగ, చెమట, వాంతి, కంటిపాప కుంచించుకుపోవడం, ఊపిరి బరువు కావడం, వీటిలో ఏది కనబడినా గృహవైద్యం జోలికి పోకండి. బలవంతంగా వాంతి చేయించకండి. చేతులపై, బట్టలపై మందు పడి ఉంటే బట్టలు మార్చి కడగండి. 108కి ఫోను చేసి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఇక్కడ ఆయుర్వేదమా, ఆంగ్లవైద్యమా అనే తర్కానికి తావు లేదు.

నా తోటి వైద్యులకు కూడా ఒక మనవి. మనం తులసి, తమలపాకు, కరివేపాకు అని నోటితో చెప్పే ప్రతి సలహా ఒక మందు చీటీయే. అంగట్లో కొనే మందుకు గడువు తేదీ చూడమంటాము. పెరటి మందుకు మనం అడగవలసిన ప్రశ్నలు రెండు: ఆకు ఎట్లా ఉన్నది? దానిపై ఏమి చల్లారు? ఆ ఉదయం నుండి నేను ఈ రెండు ప్రశ్నలు అడగకుండా ఏ ఆకునూ చెప్పడం లేదు. పత్రికలలో రాసేవారు సైతం "పది ఆకులు" అన్న చోట "మందు చల్లని మొక్క నుండి" అన్న నాలుగు మాటలు చేర్చితే, పుట నిండిపోదు.

ఆ బాబు ఇప్పుడు బడికి పోతున్నాడు. వాళ్ల నాయనమ్మ గారు మొన్న కనబడి, "డాక్టరు గారూ, ఇప్పుడు మా మనుమడు తులసాకు కోసేముందు వెనక్కి తిప్పి చూస్తున్నాడండీ" అన్నారు. మా గురువుగారు నాకు రెండు మైళ్లు నడిపించి నేర్పిన పాఠం అది. మీ ఇంట మీరు ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టండి. కుండీ దగ్గరకు వెళ్లి, ఒక ఆకును తిరగేసి చూడండి.

సర్వే జనాః సుఖినో భవంతు.